చిన్న హాలుకు తగిన స్పీకర్లు

సంఘములో మైకు సెట్టు సంగతి ఎవరికి తెలియునని అడిగితే, మన పల్లెటూళ్ళలో అందరును పాస్టరుగారి వైపే చూతురు. నాకు వేదశాస్త్రములో డిప్లొమా ఇచ్చిన కళాశాలలో ఆంప్లిఫయర్ గూర్చి ఒక్క పాఠమైనను చెప్పలేదు. అయినను ఆరాధన మధ్యలో స్పీకరు కూత పెట్టినప్పుడు దిగివచ్చి మీటలు త్రిప్పవలసినవారము మేమే గనుక, ఇరువది సంవత్సరముల సేవలో కొంత దానంతటదే వచ్చినది. అందుచేత ఇండ్లలో పెట్టుకొను స్పీకర్ల గూర్చి కూడ నన్నే అడుగుచుందురు. “అయ్యగారూ, మా అబ్బాయి డబ్బులు పంపాడు. హాల్లో నిలబెట్టుకునే స్పీకర్లు కొందామనుకుంటున్నాం, ఏవి తీసుకోమంటారు?” అని. ఈ ప్రశ్న గడచిన సంవత్సరము మా యింటికే వచ్చినది. అప్పుడు చూచినవి, కొలిచినవి, విన్నవి ఇక్కడ వ్రాయుచున్నాను. కొనదలచినవారికి ఉపయోగపడవచ్చును.

మా నాన్నగారికి 79 సంవత్సరములు. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందినారు. గుడిలో నలువది సంవత్సరములు హార్మోనియము వాయించుచు కీర్తనలు ఎత్తినవారు. నా చిన్నతనములో సాయంకాలమైతే రేడియో ముందు కూర్చుండి, సీషెల్స్ దీవులనుండి వచ్చు ఫీబా వారి షార్ట్‌వేవ్ ప్రసారము కొరకు ముల్లును వెండ్రుకవాసి చొప్పున కదుపుచుండెడివారు. (ఆ ప్రసారములు 1970లో ఆరంభమై 2003లో నిలిచిపోయినవి.) గరగరలాడు ధ్వనిలో నుండి మాటను ఏరుకొను ఆ చెవులు రెండు మూడేండ్లనుండి మందగించినవి. వారు సాయంకాలము హాలులోనికి వచ్చుట మానివేసిరి. అందరము లోపల పాటలు వినుచుండగా ఆయన ఒక్కరే అరుగు మీద కూర్చుండెడివారు. రండి నాన్నగారూ అంటే, “శబ్దం వినబడుతుందిరా, మాటే వినబడట్లేదు. నేనెందుకు అక్కడ?” అనిరి. కువైట్‌లో ఉన్న మా తమ్మునికి ఫోనులో ఈ సంగతి చెప్పగా, వాడు 50,000 రూపాయలు పంపి, “నాన్న కోసం మంచి స్పీకర్లు కొను అన్నయ్యా” అన్నాడు.

మొదట స్పీకర్ల అంగడికి వెళ్లలేదు. చెవి డాక్టరు వద్దకు వెళ్లితిమి. వయస్సు మీరినవారి ఇంటిలో ఇదే వరుస అని నా అభిప్రాయము. చెవిలో గుబిలి నిండియుంటే దానిని తీయించుటతోనే సగము పని అయిపోవును. నాన్నగారి విషయములో అది కాదు. గదిలో కూర్చుండబెట్టి, చెవులకు యంత్రము తగిలించి, ఒక్కొక్క స్వరము వినిపించి గీతలు గీసిరి. సన్నని హెచ్చు స్వరములు తగ్గిపోయినవి, లావు స్వరములు చాలవరకు నిలిచియున్నవి. వయస్సుతో వచ్చు వినికిడి లోపము సాధారణముగా ఇట్లే పైనుండి క్రిందికి దిగుచు వచ్చునట. మన మాటలో అచ్చుల బలమంతయు క్రింది స్వరములలో ఉండును. స, శ, త, ప వంటి హల్లుల స్పష్టత పైస్వరములలో ఉండును. తెలుగు మాటలన్నియు దాదాపు అచ్చుతోనే ముగియును గదా! గనుక ఆయనకు పాట యొక్క ఊపు, రాగము అందుచుండెను గాని మాట జారిపోవుచుండెను. “శబ్దం వినబడుతుంది, మాట వినబడట్లేదు” అని వారు చెప్పినది అక్షరాల నిజము.

వినికిడి యంత్రము పెట్టుకొనుమని డాక్టరు చెప్పిరి. నాన్నగారు ఒప్పుకొనలేదు. దాని సంగతి తరువాత చెప్పెదను.

ఇక మా హాలు. పొడవు 14 అడుగులు, వెడల్పు 11 అడుగులు. సిమెంటు గోడలు, నేలకు నున్నని టైల్సు, ఒక ఇనుప బీరువా, ఒక దివాను, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, నాన్నగారి పడక కుర్చీ. మీ ఇంటి హాలు కూడ ఇంచుమించు ఇట్లే ఉండును. దీని మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు ఆగిన తరువాత కూడ గోడలు ‘టంగ్’ అని దానిని పట్టుకొని యుండును. ఎంత ఖరీదుగల స్పీకరు పెట్టినను ఆ ‘టంగ్’ మాటల మీద పడుచునే యుండును. పడమటి దేశములలో స్పీకర్లు చేయువారు తివాచీ, మెత్తని సోఫాలు, మందపు తెరలు ఉన్న గదిని మనస్సులో పెట్టుకొందురు. మన హాళ్ళు వారికి తెలియవు. గనుక మా ఆవిడ రూపాయి ఖర్చు లేకుండ మొదటి మరమ్మతు చేసినది. అటక మీద నున్న రెండు బొంతలు దింపి ఒకటి దివాను మీద, ఒకటి నేల మీద పరచినది. కిటికీలకు పలుచని తెరలు తీసి, పాత దుప్పట్లతో కుట్టిన తెరలు కట్టినది. పుస్తకముల అల్మరాను వెనుక గోడకు చేర్చితిమి. మరల చప్పట్లు కొట్టి చూచితిమి. తేడా నాన్నగారికి కూడ తెలిసినది.

బల్ల మీద పెట్టు చిన్నవి చాలవా, నిలువు స్పీకర్లు ఎందుకు అని కొందరు అడుగుదురు. చిన్నవి మంచివే. అయితే వాటిని బీరువా మీదనో షోకేసులోనో పెడితే ఆ షోకేసు కూడ పాడుటకు మొదలుపెట్టును. అద్దములు, గాజు గిన్నెలు తాళము వేయును. స్టాండులు కొని వాటి మీద పెడితే, నేల మీద నిలువు స్పీకరు ఎంత చోటు తీసికొనునో ఆ స్టాండు కూడ అంతే తీసికొనును. నిలువు స్పీకరుకు దాని కాళ్ళు దానికే కలవు, పైగా పెట్టె లోపలి ఖాళీ ఎక్కువ గనుక చిన్న కోన్లతోనే క్రింది స్వరములు కొంత ఎక్కువ వచ్చును. అందులోను పొట్టివి, సన్ననివి మన ఇండ్లకు తగినవి. ఉదాహరణకు డెన్మార్క్ దేశపు డాలీ సంస్థ చేసిన ఒబెరాన్ 5 అనునది 83 సెంటీమీటర్ల ఎత్తు, 16 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. అయిదుంబావు అంగుళముల వూఫర్లు రెండును, పైన ఒక ట్వీటరును ఉండును. అది మా సంచికి అందునది కాదు, ఆకారము తెలియుటకు చెప్పితిని. నాలుగు అడుగుల ఎత్తుగల పెద్ద స్తంభములు కల్యాణ మండపమునకు బాగుండును గాని, 14 అడుగుల హాలుకు వద్దు.

ఎందుకు వద్దో కొంచెము లెక్క చెప్పవలెను. శబ్దము సెకనుకు దాదాపు 340 మీటర్లు పోవును. మా హాలు పొడవు మీటర్లలో 4.27. దానికి రెండింతలు సుమారు 8.5. 340ని 8.5తో భాగించితే 40 వచ్చును. అనగా సెకనుకు 40 కంపనములుగల స్వరము మా గదిలో రెండు గోడల మధ్య సరిగ్గా ఇమిడి, ఊయల వలె ఊగుచు నిలిచిపోవును. బేస్ గిటారులో అన్నిటికంటె లావు తీగ స్వరము 41. ఇంచుమించు ఒక్కటే! ఆ తీగ మ్రోగినప్పుడెల్ల గది దానిని పెంచి చూపును, బీరువా తలుపు గిలగిలలాడును. ఆ లావు శబ్దము, దానికంటె పైన ఉన్న సన్నని శబ్దములను కప్పివేయును. చెవి మందగించిన పెద్దవానికి మిగిలిన ఆ కాసిని హల్లులు కూడ దాని క్రింద మునిగిపోవును. మీ గది పొడవును మీరు కూడ ఇట్లే లెక్కకట్టి చూచుకొనవచ్చును.

ఈ లెక్క మా పెద్దవానికి రుచించలేదు. వాడు ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. వాని కోరిక అంతయు బేస్ మీదనే. “డాడీ, గుండెల్లో కొట్టాలి. లేకపోతే కొని ఏం లాభం?” అన్నాడు. తాతగారికి మాట కావలెను, మనుమనికి మోత కావలెను, ప్రక్క యింటిలో పదవ తరగతి పిల్లకు నిద్ర కావలెను. మా ఆవిడకు హాలులో నడచుటకు దారి కావలెను. డబ్బు పంపినవాడు ఎవరి కొరకు పంపినాడో అది మరువకూడదని చెప్పి, అంగడికి నాన్నగారిని, వానిని ఇద్దరిని వెంటబెట్టుకొని పోయితిని.

అంగడిలో జాగ్రత్తగా ఉండవలెను. 1990లలో టేప్‌రికార్డర్ల మీద ‘1000 వాట్స్ పి.ఎం.పి.ఓ.’ అని పెద్ద అక్షరములతో వ్రాసెడివారు, మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ లెక్కకు ఒక నియమమంటూ లేదు. ఎవరికి తోచిన అంకె వారు వేసికొనిరి. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడుగుడి. ఇంకను ముఖ్యమైనది సెన్సిటివిటీ అను అంకె. ఒక్క వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరములో ఎంత శబ్దము వచ్చునో అది చెప్పును. 88 డెసిబెల్ అని ఉంటే, మనము మామూలుగా మాటలాడు మాట దాదాపు 60 గనుక, ఒక్క వాటుతోనే హాలు నిండునని గ్రహించవచ్చును. 85 ఉన్న స్పీకరుకు అదే శబ్దము కొరకు రెండింతల వాట్లు కావలెను. మూడు డెసిబెల్ పెరుగుటకు ప్రతిసారి వాట్లు రెట్టింపు కావలెను. కావున 30, 40 వాట్ల మంచి ఆంప్లిఫయర్ మన ఇండ్లకు చాలును. 500 వాట్లు అని ఊరించువారిని చూచి నవ్వి ఊరకుండుడి.

అంగడివారు తమ పాట వేయుదురు. అది వారి స్పీకరుకు నచ్చిన పాట! మన పాట మనము తీసికొనిపోవలెను. నేను మూడు తీసికొనిపోయితిని: హార్మోనియముతో పాడిన ఒక పాత కీర్తన, తబలా బాగుగా వినబడు ఒకటి, వాద్యము లేకుండ ఒక స్త్రీ చదివిన లేఖన భాగము. ఈ మూడవదే గట్టి పరీక్ష. వాద్యములు స్పీకరు లోపములను దాచును, ఒంటరి మాట దాచదు. రెండు స్పీకర్లను పోల్చునప్పుడు రెండిటి శబ్దము సమానముగా పెట్టించుడి. కొంచెము గట్టిగా మ్రోగునదే మంచిదని మన చెవికి తోచును. ఈ సంగతి అమ్మువారికి బాగుగా తెలియును. టోన్ మీటలు మధ్యకు త్రిప్పించి, లౌడ్‌నెస్ మీట తీయించితిని. నాన్నగారు కన్నులు మూసికొని వినుచు, చదివిన వాక్యమును వెంటనే తిరిగి చెప్పుచుండిరి. బడిలో పిల్లల చేత డిక్టేషన్ వ్రాయించిన మనిషి గదా! మొదటి జతకు పది మాటలలో నాలుగు తప్పినవి. మూడవ జతకు ఒకటే తప్పినది. ఆ మూడవదాని ధర 62,000. నమస్కారము పెట్టి బయటికి వచ్చితిమి.

అయితే ఆ నమూనా పేరు వ్రాసికొని వచ్చితిని. రెండు నెలలు వెదకగా రాజమండ్రిలో బదిలీ మీద పోవుచున్న ఒక ఉద్యోగస్థుని యింట అదే జత, ఏడు సంవత్సరముల పాతది, 24,000కు దొరికినది. పాతవి కొనుటకు భయపడనక్కరలేదు గాని చూడవలసినవి చూడవలెను. కోను చుట్టు ఉండు అంచు స్పాంజితో చేసినదైతే మన ఉక్క గాలికి పది పదునైదు సంవత్సరములలో పొడియై రాలును. రబ్బరుదైతే చాల కాలము నిలుచును. వ్రేలితో మెల్లగా తాకితే తెలిసిపోవును. ట్వీటరు పలుకుచున్నదో లేదో చెవి దగ్గర పెట్టి వినవలెను. కోను నాలుగు వైపుల సమానముగా ఒత్తి లోపలికి నెట్టితే గరగరలేకుండ కదలవలెను. పెట్టె అడుగు ఉబ్బియున్నదేమో చూడవలెను. ఇప్పటి పెట్టెలలో చాలవరకు చెక్కపొడిని అదిమి చేసినవి. నీళ్ళు తగిలితే అటుకుల వలె ఉబ్బును.

ఈ చివరి మాట మన స్త్రీలు గమనించవలెను. రోజూ తడిగుడ్డతో నేల తుడుచు ఇండ్లు మనవి. నిలువు స్పీకరు నేల మీదనే నిలుచును గనుక సంవత్సరము తిరుగకముందే అడుగు చెడిపోవచ్చును. మేము రెండు కడప బండ ముక్కలు కోయించి, రబ్బరు బిళ్ళలు వేసి, వాటి మీద నిలిపితిమి. టైల్సు మీద ఇనుప మేకుల కాళ్ళు జారును, గీతలు పడును. బండతో ఇంకొక లాభము కూడ కలదు: సన్నని స్పీకరు తేలికగా పడిపోవును, పాకు పిల్లలు దానినే పట్టుకొని లేచుటకు చూతురు. బండకు బిగించి, వెనుక నుండి గోడకు ఒక పట్టీ కట్టితిమి. మా చెల్లెలి కూతురు ఒకసారి గట్టిగానే పరీక్షించినది, పడలేదు.

ఎత్తు సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది. ట్వీటరు సన్నని స్వరములను టార్చిలైటు వలె ఎదురుగా పంపును. చెవి ఆ వరుసలో ఉండవలెను. నాన్నగారిని పడక కుర్చీలో కూర్చుండబెట్టి టేపుతో కొలువగా నేలనుండి చెవికి 35 అంగుళములు వచ్చినది. చాప మీద కూర్చున్నవారికి 28. ప్లాస్టిక్ కుర్చీలో 44. మా స్పీకరులో ట్వీటరు 30 అంగుళముల ఎత్తున ఉన్నది. గృహ ప్రార్థనకు వచ్చువారిలో ఎక్కువమంది చాప మీద కూర్చుందురు, నాన్నగారు పడక కుర్చీలో వాలియుందురు. పొట్టి స్పీకరు మనకు సరిపడుటకు ఇది నిజమైన కారణము. ముందు వైపు బండ క్రింద ఒక పలుచని చెక్క పెట్టి కొంచెము పైకి వాల్చి, రెండిటి ముఖములను నాన్నగారి కుర్చీ వైపు త్రిప్పితిమి. స్పీకర్ల మధ్య ఆరు అడుగులు, కుర్చీకి ఎనిమిది అడుగులు.

పెట్టె వెనుక ఒక గుండ్రని రంధ్రము ఉండును. అది గాలి ఆడుటకు కాదు. కోను వెనుక వైపు పుట్టు శబ్దము వృథా పోకుండ, క్రింది స్వరములకు సాయము చేయునట్లు దానిని కొలత ప్రకారము పెట్టుదురు. అమెరికాలో ఆల్బర్ట్ థురాస్ అను ఇంజనీరు దీనికి 1932లో పేటెంటు పొందెను. అసలు ఇప్పటి కోను స్పీకరుకు మూలమైన పనిని రైస్, కెలాగ్ అను ఇద్దరు 1925లో ప్రకటించిరి. నూరేండ్లయినను సూత్రము మారలేదు. రంధ్రము వెనుక ఉంటే గోడకు ఒక అడుగైనను ఎడముగా జరుపవలెను. లేకపోతే బేస్ ముద్దకట్టును. మా హాలులో అడుగు కంటె ఎక్కువ జరుపుటకు వీలులేదు, వంటింటికి దారి పోవును. అందుచేత పిల్లల పాత బడి మేజోళ్ళు రెండు చుట్టి ఆ రంధ్రములలో దూర్చితిమి. నవ్వకండి, ఇది పెద్ద పెద్ద వారు కూడ చేయు పని; కొన్ని సంస్థలు స్పాంజి బిరడాలే ఇచ్చును. మోత తగ్గి మాట పైకి తేలినది. మరియొక మేలు: మట్టిగూళ్ళు కట్టు కందిరీగలకు అటువంటి రంధ్రములంటే మహా ఇష్టము.

ఆంప్లిఫయర్ క్రొత్తదే కొంటిమి, 14,000. ఇక్కడ ఒక హెచ్చరిక. గుడిలోని మైకు సెట్టు ఆంప్లిఫయర్ ఖాళీగా ఉన్నది గదా అని ఇంటి స్పీకర్లను దానికి తగిలించకండి. వాటికి వెనుక 100 వోల్టుల లైను అని ఒక కొన ఉండును. అది దూరదూరముగా కట్టిన స్పీకర్ల కొరకు. ఇంటి స్పీకరును దానికి తగిలిస్తే లోపలి తీగచుట్ట మాడిపోవును. మా ప్రాంతములో ఒక సహోదరుడు క్రిస్మస్ రాత్రి అట్లే పోగొట్టుకొనెను. ఉరుములు వచ్చినప్పుడు ప్లగ్గు పీకివేయుడి. తీగెలను ఎలుకలు కొరకకుండ గొట్టములో నుండి పోనిచ్చుట మంచిది.

మొదటి సాయంకాలము నాన్నగారు వచ్చి కూర్చుండి, సగము పాట వరకు ఏమియు అనలేదు. తరువాత, “రెండో చరణంలో వీళ్ళు మాట మార్చేశారే!” అనిరి. ఆ పాట ఆరు నెలలుగా మా యింటిలో మ్రోగుచున్నది. మాలో ఎవరికిని ఆ మార్పు తెలియలేదు. పుస్తకము తెప్పించి చూపించిరి కూడ. అప్పటినుండి సాయంకాలములు ఆయన అరుగు మీద ఉండుట లేదు. స్పీకర్లు చెవిని బాగుచేయవు సుమా. వంటింటిలో నుండి మా ఆవిడ పిలిచితే ఇప్పటికిని ఆయనకు అందదు. నలుగురు ఒక్కసారి మాటలాడితే ఆయన ముఖము మరల అయోమయమగును. ఆ పనికి వినికిడి యంత్రమే కావలెను. మిగిలిన 12,000 అందుకొరకు ప్రక్కన పెట్టితిమి, ఇంకను చాల కలుపవలెను. తమ్ముడు పంపుతానన్నాడు. నాన్నగారు మాత్రము, “ఇప్పుడు బాగానే వినబడుతుందిగా” అని దాటవేయుచున్నారు. పండుగకు తమ్ముడు వచ్చినప్పుడు ఇద్దరము కూర్చుండి అడుగవలెనని అనుకొనుచున్నాము.

పెద్దవాడు ఇయర్‌ఫోన్లతో సరిపెట్టుకొనుచున్నాడు. మేజోళ్ళు రెండుసార్లు మాయమై మరల వాటి స్థలములో ప్రత్యక్షమైనవి.